పాట మాన్పించినదాన్ని

ఏప్రిల్ 28, 1941. సోమవారం

అనేశాను. రెండు నెలలుగా గొంతుకి అడ్డం పడ్డ మాట ఈరోజు బయటపడింది.  

మధ్యాహ్నం తిండి గంటకి పెరట్లో ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి దానిమీద ఎక్కాను. పొగాకులో ఈనెలు తీసే గదిలో పనిచేసే మా నల్ల ఆడవాళ్ళు రెండు వందల మందీ గోడ నీడన కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటున్నారు. వేళ్ళకి పట్టిన పొగాకు జిగురు వదిలించుకోవడానికి నీళ్ళుండవు. ఆ చేతులతోనే తినాలి. అక్కడి నుంచే మొదలుపెట్టాను.

"పొద్దున ఏడింటి నుంచి ఆకులో ఈనె లాగుతాం. ముక్కులనిండా దుమ్ము. దొరని అడక్కుండా దొడ్డికి పోలేం. అరవై ఏళ్ళ ముసలమ్మని కూడా వాడు 'ఏయ్ పిల్లా' అంటాడు. దీనికి నోరెత్తం. పాడటానికి మాత్రం నోరెత్తుతాం! ఎవరికోసం ఆ పాట? పాటకి చేతులు ఆడతాయి, చేతులాడితే కంపెనీ పెట్టెలు నిండుతాయి. శుక్రవారం వచ్చేసరికి స్ట్రౌడ్ దొర తన తెల్ల చుట్టాలని తీసుకొచ్చి, 'చూశారా, మావాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో' అని చూపిస్తాడు. ఆ సంతోషం వాడికి వండి వడ్డిస్తున్నది ఎవరు?"

రోజెట్టా నవ్వింది. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు. "మూడు కరపత్రాలు చదివి మోషేవయిపోయావా వెర్లీన్? ముందు సముద్రం చూపించవే, తర్వాత చీల్చుదువుగాని!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. వేలెత్తి చూపించాను.

"అదిగో, సిస్టర్ లుజీనియా! కంపెనీవాళ్ళ గ్రామఫోను పెట్టె. వాళ్ళు మర తిప్పుతారు, ఈవిడ పాడుతుంది!"

ఎవరూ నవ్వలేదు.

లుజీనియాకి అరవై దాటాయి. చర్చిలో కీర్తన ఎత్తేది ఆవిడే, ఈనెల గదిలోనూ ఆవిడే. ఆవిడ ఒక వరుస అందిస్తే గదంతా దాన్ని సాగదీసి పాడుతుంది. నేను తప్ప. చేరిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా గొంతు కలపలేదు. దానికి నాకు గర్వంగానే ఉంది.

లుజీనియా రొట్టె కట్టి తెచ్చుకున్న గుడ్డ మడిచి నడుముకి దోపుకుంది.

"సరేనమ్మా. పాడన్లే" అంది.

అంతే. సాయంత్రం దాకా గదిలో పాట లేదు. ఈనె చీలే చప్పుడు, ఎవరో ఒకరి దగ్గు. ఒక్క ప్రసంగంతో! కార్మిక సంఘం మనిషి నాకు కరపత్రాలూ, సంఘంలో చేరేవాళ్ళు సంతకం పెట్టే కార్డుల కట్టా ఇచ్చి రెండు నెలలైంది. ఇప్పటికి ఏడుగురే సంతకం పెట్టారు. జోకొట్టే పాట ఆగింది కాబట్టి ఇక అందరూ మేలుకుంటారు.

ఏప్రిల్ 29

ఈరోజూ పాట లేదు. మా గది మేస్త్రీ స్ట్రౌడ్ నడవాలో నిలబడి, "ఏమైంది మీకు, ఎవరైనా చచ్చారా?" అన్నాడు.

"గొంతులకి సెలవు సార్" అంది రోజెట్టా.

వాడి ముఖం చూడాలి. మొదటిసారి వాడికి మేం అంతుపట్టలేదు.

కార్డులు రాలేదు. రేపు వస్తాయి.

ఏప్రిల్ 30

రాలేదు. బెదిరినవాళ్ళకి టైము పడుతుంది. రెండో కరపత్రంలో ఇది ఉంది.

మే 1, గురువారం

ప్రపంచమంతా కార్మికుల పండగ. మా ఊళ్ళో ఉత్త గురువారం.

పాట లేకపోయేసరికి చేతులు ఎవరికి తోచినట్టు వాళ్ళవి ఆడుతున్నాయి. నావి చురుకైన చేతులు. పక్కబల్లలో కొందరికి నిదానం. స్ట్రౌడ్ ఇదివరకు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఆగుతున్నాడు. చేతులకేసి చూస్తున్నాడు. ఈరోజు లుజీనియా బల్ల దగ్గర, ఐవొరీ పెద్దమ్మ వెనక, చాలాసేపు నిలబడ్డాడు. వాడికి ఏం కనపడిందో.

నేనుండేది ఐవొరీ పెద్దమ్మ ఇంట్లోనే, వెనక గదిలో. ఆవిడ కూడా ఈనెల మనిషే, ఇరవై ఆరేళ్ళ నుంచి. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఈరోజు దారిపొడుగునా మాట్లాడలేదు. రాత్రి రొట్టెలు మాడ్చింది. మాడినవి తన కంచంలో వేసుకుని మంచివి నాకు పెట్టింది.

పొద్దున్నే గౌను బొత్తాలు పెట్టమని వీపు తిప్పి నిలబడుతుంది, రోజూ. పెద్దవాళ్ళకి చేయించుకోవడం అలవాటు అనుకుంటాను. పెడతాను.

మే 2

ఐవొరీ పెద్దమ్మను పనిలోంచి తీసేశారు.

మే 3, శనివారం

నిన్న ఆ ఒక్క ముక్క తప్ప రాయలేకపోయాను. ఈరోజైనా జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న పదింటికి స్ట్రౌడ్ ఆవిడ ముందున్న ఆకు రెండు చేతుల్తో ఎత్తి అందరికీ చూపించాడు. "పొద్దుటి నుంచి ఇంతేనా? ఏయ్ పిల్లా, నువ్వు ఇక్కడికి పని చెయ్యడానికి వస్తున్నావా, కునుకు తియ్యడానికి వస్తున్నావా?" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని. పెద్దమ్మ తలగుడ్డ విప్పింది, మళ్ళీ కట్టుకుంది, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆవిడవైపు చూడలేదు. అందరూ నావైపు చూశారు.

నాకు అర్థం కాలేదు. ఇది ఒట్టు. నిన్న సాయంత్రం దాకా నాకు నిజంగా అర్థం కాలేదు.

గేటు దగ్గర రోజెట్టా నా జబ్బ పట్టుకుని గోడవైపు లాగింది.

"నీకు నిజంగా తెలీదా, తెలిసే అన్నావా?"

"ఏది?"

"ఐవొరీ వేళ్ళ సంగతి."

"ఏమైంది వేళ్ళకి?"

అది నా ముఖంలోకి చూసింది. "అయ్యో దేవుడా, దీనికి నిజంగానే తెలీదు! ఒకే ఇంట్లో ఉంటూ... ఆమె వేళ్ళు రెండేళ్ళ నుంచీ ముడుచుకోవే. కీళ్ళు పట్టేశాయి. గంటకి నువ్వు తీసే ఆకులో సగం కూడా తియ్యలేదు. మరి ఇన్నాళ్ళు ఎట్టా నెట్టుకొచ్చిందనుకున్నావు?"

నేను గోడకి ఆనుకున్నాను.

"పాటలో మూడో వరుస వచ్చినప్పుడు అందరం ఒక్కసారి ముందుకి వంగుతాం, కొత్త కట్ట అందుకోడానికి. చూశావా ఎప్పుడైనా? ఎందుకు చూస్తావులే, పాడితేగా! ఆ వంగటంలో మేం తీసిన ఆకు గుప్పెడు గుప్పెడు ఆమె ముందుకి తోసేస్తాం. ఆరుగురం ఊగుతా ఉంటే ఎవరి చెయ్యి ఎటు పోయిందో స్ట్రౌడు కాదు, వాడి తాత దిగొచ్చినా కనిపెట్టలేడు. ఆమెకి మరీ నొప్పిగా ఉన్ననాడు సిస్టర్ లుజీనియా పాట సాగదీసుద్ది. గదంతా నిదానిస్తుంది. అందరం నిదానమైతే ఇక నిదానం మనిషని ఎవర్ని అంటాడే వాడు? నిరుడు కడుపుతో ఉన్న క్లియోతాని ఎనిమిదో నెల దాకా అట్టాగే గట్టెక్కించాం. ఇంకా చెప్పమంటావా పేర్లు?"

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"నీకా!" రోజెట్టా నవ్వింది, కానీ అందులో నవ్వు లేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానుద్దా? పొద్దున చెబితే మధ్యాహ్నానికి పెట్టెక్కుతావు."

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. పెద్దమ్మ పిండిని వేళ్ళతో పిసకదు, మణికట్టుతో అదుముతుంది. కప్పు రెండు అరచేతుల మధ్య పట్టుకుంటుంది. బొత్తాలు.

ఆ బొత్తాలు నేనే పెట్టాను. ప్రతిరోజూ.

మే 4, ఆదివారం

తీసేసింది స్ట్రౌడ్. నేను కాదు. మొదటి కరపత్రంలోనే స్పష్టంగా ఉంది, కార్మికుడికి జరిగే ప్రతి అన్యాయానికీ మూలం యజమానే అని. మూలం యజమాని. చాటుగా ఆకు అందించుకునే గతి పట్టించింది కూడా యజమానే. పైగా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఇందులో వాళ్ళ తప్పు కూడా ఉంది. మూలం మాత్రం యజమాని.

తలనొప్పి అని చర్చికి వెళ్ళలేదు. పెద్దమ్మ మాత్రం తెల్ల గౌను వేసుకుని వచ్చి, "బొత్తాలు పెట్టవే" అని వీపు తిప్పింది. నా వేళ్ళు ఆడలేదు. రెండో బొత్తాం దగ్గర ఆగిపోయాను.

"రోజెట్టా చెప్పేసిందా? దాని నోరు పడ" అంది, అటు తిరిగే.

"మీరు చెప్పచ్చు కదా పెద్దమ్మా."

"చెబితే నువ్వు బొత్తాలు జాలిగా పెడతావు. నాకు జాలి గిట్టదు. కానివ్వు, గంట కొడుతున్నారు."

పెట్టాను.

ప్రార్థన అయ్యాక ఆవిడ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మే 5

పని దిగాక సిస్టర్ లుజీనియా ఇంటికి వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర ముక్కాలి పీట వేసుకుని ఆకుకూర తరుగుతోంది. కాళ్ళ దగ్గర కోడి తచ్చాడుతోంది. కూర్చోమనలేదు.

"క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను.

"దేనికి?"

"అన్నదానికి."

"ఏమన్నావు?"

"గ్రామఫోను అని."

"ఎక్కడ?"

"పెరట్లో."

"ఎంతమంది ముందు?"

"రెండు వందల మంది."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "ఇప్పుడిక్కడ ఎంతమందిమి ఉన్నాం?"

"మీరూ నేనూ."

"కోడిని మర్చిపోయావు." నవ్వకుండానే అంది. "తప్పేమో సంతలో చేశావు, క్షమాపణ నా వంటింటి గుమ్మంలో అడుగుతున్నావు. అది ఎట్టా కుదురుద్దే అమ్మాయ్?"

తల ఊపాను. ఊరుకోవాల్సింది. ఊరుకోలేక అన్నాను, "మీరైనా పాట ఆపకుండా ఉండాల్సింది సిస్టర్. పెద్దమ్మ సంగతి మీకు తెలుసు కదా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. తరిగిన కూర ఒళ్ళోంచి గిన్నెలోకి ఎత్తింది.

"నిజమే. ఆపకుండా ఉండాల్సింది. నలభై ఏళ్ళు పాడిన గొంతుని పిల్లకాకి అంతమాట అనేసరికి నాకూ పౌరుషమొచ్చింది. ఒక్క పూట మానేస్తే తిక్క కుదురుద్దిలే అనుకున్నా. ఒక పూట కాస్తా నాలుగు రోజులయింది. ఆ సంగతి నేను ఐవొరీ మొహం చూసి చెప్పుకున్నా, అందరి ముందూ చెప్పుకున్నా. ఇక నీది నువ్వు చెప్పుకో."

ఎల్లుండి చెబుతాను. తిండి గంటకి, ఆ పెట్టె మీదే నిలబడి.

మే 6

వాక్యం రాసుకున్నాను. "పాట మాన్పించింది నేను. ఐవొరీ పెద్దమ్మ పని పోయింది నా వల్ల." అంతే. ఇంకేమీ కలపకూడదు. ఇరవైసార్లు చదివాను. చిన్న వాక్యమే.

మే 7, బుధవారం

చెప్పాను. దాదాపు చెప్పాను.

పెట్టె ఎక్కాను.  గోడ నీడన అన్ని ముఖాలూ నావైపే ఉన్నాయి. లుజీనియా రొట్టె తుంచడం ఆపి చూస్తోంది. "జరిగినదాంట్లో ఒక తప్పు ఉంది" అని మొదలుపెట్టాను. గొంతు బాగానే పలికింది. "ఆ తప్పు ఎవరిదో మీ అందరికీ తెలుసు" అన్నాను.

అక్కడ ఒక్క క్షణం ఆగాను. తర్వాతి మాట 'నాది'. నోటి చివరిదాకా వచ్చింది.

"కంపెనీది!" అన్నాను.

ఇక ఆగలేదు. యజమాని అన్నాను, ఇరవై ఆరేళ్ళ చాకిరీ అన్నాను, చరిత్ర అన్నాను. పిడికిలి కూడా బిగించాను. కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు హాయిగా అనిపించాయి. ఈ ముక్క నేనొక్కదాన్నే చదువుకునే కాగితం మీద కాబట్టి రాస్తున్నాను.

సిస్టర్ లుజీనియా ఒళ్ళో ముక్కలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనకే ఆవిడ బల్లవాళ్ళు వెళ్ళారు.

"దిగవే మోషే" అంది రోజెట్టా. "సముద్రం మూసుకుపోయింది."

మే 8

చెప్పలేదు. నిన్న 'దాదాపు' అని రాశాను. అబద్ధం. చెప్పలేదు.

మే 9, శుక్రవారం

పొద్దున స్ట్రౌడ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "ఈరోజు వచ్చేవాళ్ళు చాలా పెద్దవాళ్ళు. పాట ఉండాలి. రెండు వారాలుగా మీ నాటకం చూస్తున్నాను, ఈరోజు కుదరదు" అన్నాడు. 

పదకొండింటికి వచ్చారు. ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఆడవాళ్ళు ముక్కులకి చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. స్ట్రౌడ్ చప్పట్లు చరిచి, "కానివ్వండి, ఒక మంచి పాట అందుకోండి!" అన్నాడు.

నేను తల దించుకుని ఈనె లాగుతున్నాను. లుజీనియా పాడుతుందా పాడదా అని చెవులు రిక్కించాను. పాడితే బాగుండునని కూడా అనిపించింది. పాడితే అంతా మునుపట్లా అయిపోతుంది, ఇక నేనేమీ చెప్పక్కర్లేదు.

పాట రాలేదు. నేను లాగుతున్నాను. ఒక ఆకు, ఇంకో ఆకు. గదిలో ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఒక్క చప్పుడు మాత్రం వినపడుతోంది. సర్రున ఈనె చీలిన చప్పుడు. మళ్ళీ సర్రుమని. అది నా చేతుల్లోంచి వస్తున్నదే.

తలెత్తాను.

రెండు వందల మంది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క చెయ్యి కూడా బల్ల మీద లేదు. నా పక్కనున్న ఇద్దరివి కూడా లేవు. చప్పట్లు కొట్టిన ఆ కొత్త పిల్లలవి కూడా లేవు. వాళ్ళకీ తెలుసు. ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నారో, నేను ఎన్ని ఆకులు లాగానో.

స్ట్రౌడ్ ముఖం ఎర్రబడింది. చుట్టాల ముందు ఏం చెయ్యాలో తోచక నలువైపులా చూసి, నన్ను పట్టుకున్నాడు. నడిచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడండి, ఈ పిల్లని చూసి నేర్చుకోండి! మంచి పిల్ల. బుద్ధి ఉన్న పిల్ల ఇదొక్కతే."

ఆ చెయ్యి బరువు ఇప్పుడు కూడా భుజం మీద ఉంది.

నా నోరు తెరుచుకుంది. నేనేం మంచిపిల్లని కానని, పాట మాన్పించిందీ నేనేనని, పాట ఉన్నన్నాళ్ళూ వీళ్ళు... అని అరవబోయాను. ఆ తర్వాతి మాట వాడి చెవిన పడితే ఏమవుతుందో చివరి క్షణంలో తట్టింది. ఏ బల్ల దగ్గర ఎవరికి ఏ నొప్పి ఉందో, ఎవరు ఎవరిని దాచారో అంతా వాడి చేతికి అప్పగించేదాన్ని. నోరు మూసుకున్నాను. పళ్ళు బిగించి మూసుకున్నాను. చేతిలో ఆకు బల్లమీద వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడి చెయ్యి కింద నుంచి భుజం తప్పించుకున్నాను.

సిస్టర్ లుజీనియా కూర్చున్న చోటు నుంచే మాట్లాడింది. పాట ఎత్తే గొంతుతోనే, పాట లేకుండా.

"ఐవొరీ మళ్ళీ పనిలోకి రావాలి. ఆమెకి ఈనె లాగే పని కాకుండా ఆకు ఏరే తేలిక పని ఇవ్వాలి. అప్పటిదాకా చేతులు లేవవు, మిస్టర్ స్ట్రౌడ్. మా పేర్లు రాసుకుంటానంటే మొదట నాది రాసుకోండి."

చుట్టాలు ముందుగా వెళ్ళిపోయారు. స్ట్రౌడ్ మేడ మీదకి పరుగెత్తాడు. మేం మూడింటి దాకా అలాగే కూర్చున్నాం. సోమవారం మాట్లాడదాం అని పైవాళ్ళు కబురు పంపారు. మాట్లాడేదాకా ఇంతే అని మావాళ్ళు బయటికి నడిచారు.

గేటు దాటాక రోజెట్టాని అడిగాను. "ఎప్పుడు అనుకున్నారు ఇదంతా?"

"ఆదివారం, ప్రార్థన అయ్యాక. నువ్వు రాలేదుగా." తర్వాత కాస్త మెత్తగా అంది, "వచ్చినా చెప్పేవాళ్ళం కాదులే. సంఘం మనిషే కార్డులు తెచ్చాడు, సంతకాలు కూడా అక్కడే పెట్టాం. నూట నలభై. సిస్టర్ లుజీనియా మొదట పెట్టింది."

మోయలేనంత సిగ్గు వేసింది. అందరం పని ఆపే రోజు కోసం ఎన్నిసార్లు కలగన్నానో. ఆ రోజు వచ్చింది. ఆ గదిలో పని ఆపని చెయ్యి నాదొక్కటే.

ఐదింటికి అందరూ చర్చిలో కూడారు. వెళ్ళకూడదనుకుని మా వీధి దాకా వచ్చేశాను. మళ్ళీ వెనక్కి తిరిగాను. ఎందుకో రాయలేను.

తలుపు దగ్గర నిలబడ్డాను. లుజీనియా ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఎవరైనా ఏదైనా చెప్పాలా?" అని అందరినీ అడిగినట్టు అడిగింది.

నడిచి ముందుకి వెళ్ళాను. ఎక్కడానికి పెట్టె లేదు. రాసుకున్న కాగితం ఇంట్లో ఉంది. పిడికిలి బిగించకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"పాట మాన్పించింది నేను" అన్నాను. "ఐవొరీ పెద్దమ్మ పని పోయింది నా వల్ల."

గొంతు నాదిలా లేదు. సగం లోపలే ఉండిపోయింది. తలెత్తలేక నేల చెక్కలు చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

రెండో బెంచీలో ఎవరో లేచిన చప్పుడైంది. ఐవొరీ పెద్దమ్మ. వంకరపోయిన వేళ్ళతో ముందు బెంచీ వీపు పట్టుకుని నిలబడింది.

"వెనక వరసలకి వినపళ్ళేదే అమ్మాయ్" అంది. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.